యామన్‌పల్లి ఎముకల పనితనం

హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడ్డవాళ్ళ చూపు ముందుగా తల మీదికే పోతుంది. ఎవర్ని చూసినా ముందు ముఖమే కదా చూస్తాం. కానీ ఈ జంతువులో చూడాల్సిన చోటు అది కాదు. దీని పుర్రె దొరకలేదు. నేల ఇచ్చినవి మెడపూసలు, వెన్నుపూసలు, తోక, కాళ్ళు, కటి, కొన్ని విడి పళ్ళు, అంతే. తల మాత్రం దాని చుట్టాలను చూసి మనుషులు ఊహించి అమర్చింది. మిగతా ఒంట్లో పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి రాతిలోంచి వచ్చిన అసలు ఎముకలున్నాయి. మెచ్చుకోవలసిన పనంతా అక్కడుంది: ఆ ఎముకల కట్టుబడిలో, వాటిని దాచిన రాతిలో, రాతిలోంచి విరగకుండా తీసినవాళ్ళ చేతుల్లో.

నెల్లూరులో కూర్చుని ఆదిలాబాదు ఎముకల గురించి రాయడమేమిటని అడగొచ్చు. మన దగ్గర లేవు గనకే. గూడూరు, సైదాపురం అభ్రకం గనుల రాయి వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. భూమి లోపలి వేడికి ఉడికి, కరిగి, మళ్ళీ గట్టిపడిన రాయి అది. అందులో ఎముక దొరుకుతుందని వెతకడం దండగ. తీరం వెంబడి పెన్న పోసిన ఒండ్రు, సముద్రం తోసిన ఇసక మరీ నిన్నమొన్నటివి. ఈ రెంటి నడుమ కాలానికి చెందిన రాళ్ళు కావాలంటే ఉత్తరంగా ఒంగోలు వైపు నడవాలి. అక్కడ వేమవరం పలకరాళ్ళ పొరల్లో ఆకుల అచ్చులుంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ తీరమంతా తిరిగి ఆ రాళ్ళ జాడ పటంలో పెట్టాడు. ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ 1879లో ఆ ఆకులను ఒక్కొక్కటిగా వర్ణించాడు. వాటిలో టిలోఫిల్లం ముఖ్యమైనది. డైనోసార్ల కాలపు శాకాహారుల మేతలో ఆ రకం మొక్కలూ ఉండేవి. మేత మన వైపు, మేసిన జంతువు గోదావరి వైపు. కాబట్టి గోదావరి దాకా పోక తప్పదు.

ప్రాణహిత, గోదావరి నదులు పారే ఆ లోయ మామూలు లోయ కాదు. భూమి పైపెంకు రెండు పగుళ్ళ నడుమ కోట్ల ఏళ్ళ పాటు నెమ్మదిగా కుంగుతూ పోయిన పొడవాటి గొయ్యి. కుంగినంత మేరా నదులు ఇసకా బురదా తెచ్చి పూడ్చాయి. పూడిన బరువుకి అది ఇంకా కుంగింది. అడుగు పొరల్లో బెల్లంపల్లి, మందమర్రి గనుల్లో తవ్వే బొగ్గుంది. అది డైనోసార్లు పుట్టకముందు అడవులది. దాని మీద ఒకదానిపై ఒకటిగా పేరుకున్న పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు వింటే మన ఆర్టీసీ బస్సు బోర్డు చదువుతున్నట్టుంటుంది: యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట, గంగాపూర్, చికియాల. ప్రపంచంలో ఎక్కడ ఏ ప్రొఫెసరు గోండ్వానా రాళ్ళ మీద పుస్తకం రాసినా ఈ ఊళ్ళ పేర్లు పలకాల్సిందే. జంతువుల పేర్లలోనూ ఇవే ఊళ్ళు. రేచిని పేరు మీద రేచ్నిసారస్, జక్లపల్లి పేరు మీద జక్లపల్లిసారస్, నంబాల పేరు మీద నంబాలియా. వీటిలో రేచ్నిసారస్ డైనోసార్ కాదు, అంతకు ముందు తరానిది, క్షీరదాల దూరపు చుట్టాల గుంపుది. మిగతా రెండూ తొలి డైనోసార్ల కోవలోవి.

పొరల్లో మనకు కావాల్సింది కోట పొర. కోట అనే ఊరు ప్రాణహితకు ఎడమ ఒడ్డున, సిరొంచాకి ఎగువన ఉంది. ఇప్పుడు మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. మాట్లాడే భాషల్లో తెలుగూ ఒకటి. ఆ ఊరికి శాస్త్ర లోకంలో పేరు తెచ్చినవి డైనోసార్లు కావు, చేపలు. 1850 ప్రాంతంలో అక్కడ బొగ్గు దొరుకుతుందేమోనని బోరు వేశారు. బొగ్గు పడలేదు గానీ ఆ చుట్టుపక్కల సున్నపురాతి పలకల్లో చేపలు కనిపించాయి. 1851లో సైక్స్ వాటిలో ఒకదానికి లెపిడోటిస్ డెక్కనెన్సిస్ అని పేరు పెట్టాడు. దాని పొలుసులు చూసి తీరాలి. మన కొరమేను పొలుసులా పల్చగా, గుండ్రంగా ఉండవు. మందమైన నలుపలకలు, అంచుకి అంచు కలిపి వరసగా పేర్చినవి. పైన ఎనామెల్ లాంటి పూత, మన పంటి మీద ఉండేలాంటిదే. అన్ని కోట్ల ఏళ్ళ తర్వాతా ఆ పూత మీద వెలుతురు పడితే మెరుస్తుంది. అలలు లేని నిలకడ నీళ్ళలో, సన్నటి సున్నపు బురద మెల్లగా దిగుతూ ఉంటే తప్ప పొలుసు మీద పొలుసు చెదరకుండా అలా నిలవదు. కాబట్టి ఆ సున్నపురాయి ఒకప్పటి చెరువు అడుగు. దానికి కింద, పక్కన ఉన్న ఇసకరాయి, ఎర్ర బంకరాయి మాత్రం నదులవీ, నదులు పొంగి పరచిన మైదానాలవీ. డైనోసార్లు ఆ మైదానాల్లో ఉన్నాయి.

ఆ పొరల వయసు మీద వాదన ఇంకా తెగలేదు. చేపలను బట్టి చూస్తే జురాసిక్ యుగం తొలిభాగం, సుమారు 18 కోట్ల ఏళ్ళు. కంటికి ఆనని నీటి జీవుల గుల్లలను బట్టి చూసేవాళ్ళు ఇంకాస్త ఇటుగా జరుపుతారు. ఎటు జరిపినా ఒక సంగతి మారదు: మన దేశంలో పేరుపడ్డ జబల్‌పూర్, గుజరాత్ డైనోసార్లు ఆ వంశం ఆఖరి రోజులవి. కోట పొరలోవి మాత్రం పొడుగు మెడ, ఏనుగు కాళ్ళ సారోపాడ్లు అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటున్న రోజులవి.

ఇక్కడ మొదట దొరికినది కోటసారస్ కాదు. 1957లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలుపు మీద లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్‌సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. లెక్కల సంస్థలో రాళ్ళ విభాగమేమిటని ఇప్పుడు వింతగా ఉంటుంది గానీ, లెక్కకందేది ఏదైనా తమదే అన్నది మహలనోబిస్ ధోరణి. ఆమె దగ్గర తయారైనవాళ్ళు గోదావరి లోయలో ఏటేటా విడిది చేశారు. సిరొంచా వైపు పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) 1958 నుంచి పెద్ద పెద్ద ఎముకలు కనిపించాయి. తవ్వితే 276 చదరపు మీటర్ల మేర మూడు వందల దాకా ఎముకలు, వాటితో బాటే రాయైపోయిన చెట్టు మొదళ్ళు. కనీసం ఆరు జంతువులవి. మానులూ మృతదేహాలూ కలిసి కొట్టుకొచ్చాయంటే వరద తప్ప వేరే ఊహ చెయ్యలేం. తొడ ఎముక ఒకటి 1.7 మీటర్లు, మన ఇళ్ళలో సగటు మనిషి కంటే ఎత్తు. తవ్వకం సాగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం కావడంతో, 1975లో సోహన్‌లాల్ జైన్, కుట్టి, తపన్ రాయ్‌చౌధురి, శంకర్ చటర్జీ ఆ జంతువును శాస్త్ర లోకానికి పరిచయం చేసినప్పుడు బరాపసారస్ టాగోరై అన్నారు. దాని అస్థిపంజరం ఇప్పటికీ కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలోనే నిలబడి ఉంది.

యామన్‌పల్లి కథ ఆ తర్వాతది. పోచంపల్లికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 1970ల చివర్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళకు ఇంకో ఎముకల కుప్ప దొరికింది. 2400 చదరపు మీటర్లలో 840 ఎముకలు. పన్నెండు జంతువులవని లెక్క తేలింది. ఈ లెక్క ఎలా కడతారో చెప్పాలి. కుప్పలో ఏ ఎముక ఏ జంతువుదో చెప్పడం అసాధ్యం. కానీ ఏ జంతువుకీ రెండు ఎడమ తొడలుండవు. ఒకే వైపుది, ఒకే చోటిది, ఒకే ఎముక ఎన్నిసార్లు వస్తే కనీసం అన్ని జంతువులు. పన్నెండు జంతువులకు ఎముకలన్నీ ఉంటే రెండు వేలు దాటాలి. 840 వచ్చాయంటే మిగిలినవి నీటిలో పోయాయి, పుర్రెలన్నీ ఆ పోయినవాటిలోనే. దానికీ కారణముంది. సారోపాడ్ ఒంటితో పోలిస్తే తల చాలా చిన్నది. పల్చటి ఎముకలు, వదులు అతుకులు. శవం నీళ్ళలో నానితే అన్నిటికంటే ముందు మెడ నుంచి ఊడిపోయేది అదే. పన్నెండు తలలూ అలా పోయాయి.

తవ్వకం పనిని గడ్డపలుగు పని అనుకునేవాళ్ళున్నారు. పైన మట్టి తొలగించేదాకా నిజమే. ఎముక అంచు కనిపించిన క్షణం నుంచి పలుగు పక్కన పెట్టి ఉలి, సన్నటి సూదులు, కుంచె పట్టుకోవాలి. శిలాజమంటే రాయిలా గట్టిగా ఉంటుందనుకుంటాం. లోపల స్పంజిలా ఉన్న ఎముక ఖాళీల్లోకి ఖనిజాలు చేరి బరువెక్కుతుందే గానీ, కోట్ల ఏళ్ళ బరువు కింద వెంట్రుకంత పగుళ్ళు లెక్కలేనన్ని పడి ఉంటాయి. గాలి తగిలి, ఎండ కొడితే చేతిలోనే ముక్కలౌతుంది. కాబట్టి పైభాగం శుభ్రం చేసి, పలుచటి జిగురు పట్టించి, చుట్టూ కందకం తవ్వి, ఎముకను తన కింది రాతితో సహా ఒక దిమ్మ మీద నిలిపి ఉంచుతారు. తడి కాగితం పొర ఒకటి వేస్తారు, ప్లాస్టర్ ఎముకకు అంటకుండా. ఆ పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పీలికలు ఒకదాని మీద ఒకటి చుట్టి, పొడుగు ఎముకకైతే కర్ర బద్దలు ఆనించి బిగిస్తారు. చూస్తే పుత్తూరు కట్టు కట్టినట్టే ఉంటుంది. తర్వాత అడుగు కోసి తిరగెయ్యడం. పనంతా పాడయ్యేది ఈ ఒక్క క్షణంలోనే. లోపల ఖాళీ ఉంటే ఎముక జారి కిందికి ఊడిపోతుంది. బాగా తిరిగితే అడుగు కూడా కట్టు కట్టి, నంబరు రాసి, బండెక్కిస్తారు. 840 ఎముకల్లో పెద్దవాటికి ప్రతి దానికీ ఈ తంతు తప్పదు. లాబ్‌లో మళ్ళీ ఆ కట్టు విప్పి, రాతిని గింజంత గింజంతగా గీకి తియ్యడం వేరే పని, దానికి నెలలు పడుతుంది. ఇది చేసినవాళ్ళ పేర్లు ఏ వ్యాసంలోనూ ఉండవు. ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఎముకలు శుభ్రమయ్యాక వాటిని చదివిన మనిషి పి. యాదగిరి. 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టి, 2001లో అస్థి నిర్మాణమంతా వివరంగా వర్ణించాడు. ఆయన వర్ణనలో నాకు నచ్చింది తొడ ఎముక. కాబట్టి కాసేపు అక్కడ ఆగుదాం.

నిలబెట్టిన అస్థిపంజరంలో వెనక కాలి పైభాగం చూడండి. తొడ ఎముక నిట్టనిలువుగా, దాదాపు వంపు లేకుండా దిగుతుంది. బరువు మోసే స్తంభానికి వంపు ఉండకూడదు. పరిగెత్తే జంతువుల తొడ ముందుకి విల్లులా వంగి ఉంటుంది, దీనికి పరుగుతో పని లేదు. పై కొసన లోపలి వైపుకి తిరిగిన గుండు కటి గుంటలో కూర్చుంటుంది. ఇప్పుడు ఎముక వెనక్కి వెళ్ళి చూస్తే, లోపలి అంచున ఎత్తుగా లేచిన గట్టు ఒకటి కనిపిస్తుంది. తోకలోంచి వచ్చిన పెద్ద కండరం పట్టుకున్న చోటు అది. ఆ కండరం బిగిసినప్పుడల్లా తొడ వెనక్కి జరిగి జంతువు ఒక అడుగు ముందుకు వేస్తుంది. అంటే ఆ పొడుగాటి తోక బరువు సరితూచడానికి మాత్రమే కాదు, నడకకు కావాల్సిన బలం కూడా అక్కడి నుంచే వస్తుంది. కండరం కరిగిపోయి కోట్ల ఏళ్ళయింది, అది లాగిన గుర్తు మాత్రం గట్టు రూపంలో రాయిలో నిలిచిపోయింది.

అదే ఎముక పైభాగాన, ముందు వైపు, ఇంకో చిన్న గట్టుంటుంది. ఇది మరీ ఆసక్తికరం. రెండు కాళ్ళ మీద నడిచిన పూర్వీకుల్లో ఇది స్పష్టంగా ఉండేది. తర్వాతి పెద్ద సారోపాడ్లలో పూర్తిగా మాయమైంది. కోటసారస్‌లో ఇంకా మిగిలే ఉంది. నాలుగు కాళ్ళ మీదికి దిగి, బరువెక్కి, స్తంభాల్లాంటి కాళ్ళు తెచ్చుకుని కూడా ఈ పాత గుర్తును ఇంకా వదల్లేదన్నమాట. కటి ఎముక కూడా పాత పద్ధతిలోనే ఎత్తు తక్కువగా ఉంటుంది. ముందు కాలి పై ఎముక సన్నగా, మెలి తిరిగి ఉంటుంది. యాదగిరి పాత లక్షణాలనూ కొత్త లక్షణాలనూ పక్కపక్కనే పెట్టి, ఇది సారోపాడ్ వంశంలో బాగా తొలి మెట్టు మీదిదని తేల్చాడు. పుర్రె లేకుండా తేల్చాడు. తల ఉంటే వర్గీకరణ సగం సులువు, శాస్త్రజ్ఞులు ఎక్కువగా నమ్ముకునేది దాన్నే. అది లేనప్పుడు తొడ మీది వేలెడు గట్టును నమ్ముకోవడానికి ధైర్యం కావాలి, గట్టు ఎంత చెబితే అంతే చెప్పడానికి నిగ్రహమూ కావాలి.

వెన్నుపూసల దగ్గర కోటసారస్‌నూ బరాపసారస్‌నూ పక్కపక్కన పెట్టి చూడటం బాగుంటుంది. కోటసారస్ పూసలు సాదాగా, దిట్టంగా ఉంటాయి. బరాపసారస్ పూసల పక్కలకు లోతు తక్కువ గుంటలు మొదలయ్యాయి. వీపు పూసల్లో పై కమాను లోపల బోలు కూడా ఉంది. మెడా వీపూ పొడుగై, ఒళ్ళు బరువైన కొద్దీ ఎముకను ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసెయ్యాలి అన్నది పెద్ద సమస్య. బలం పడే గీత మీద పల్చటి పలకలు నిలబెట్టి, మధ్యలో సరుకు తీసెయ్యడం దానికి పరిష్కారం. వాటి తర్వాతి కోట్ల ఏళ్ళలో ఈ గుంటలు లోతై, గదులై, అమెరికా డిప్లోడోకస్ వంటివాటిలో పూస మొత్తం గుల్లబారిన చెక్కడంలా తయారైంది. గోదావరి లోయలో దాని తొలి గీతలు కనిపిస్తాయి. బరాపసారస్ పళ్ళనూ చూడాలి: చెంచా ఆకారం, ఉబ్బిన అడుగు, అంచున ముతక బొడిపెలు. నమిలే పని కాదు, కొమ్మను పట్టి ఆకు దూసే పని. నమలడం పొట్ట చూసుకుంటుంది.

బిర్లా మ్యూజియంలో డైనోసారియం 2000లో తెరిచారు. కోటసారస్ ఎముకలను జియలాజికల్ సర్వే ఇచ్చింది. నిలబెట్టడంలో ఇబ్బంది ఏమిటంటే, పన్నెండు జంతువులు పన్నెండు సైజులు. పిల్లదాని తొడకి పెద్దదాని పిక్క తగిలిస్తే కుదరదు. కీలుకి కీలు, కుడికి ఎడమ సరిపోయేవి ఏరుకోవాలి, లేనివి చేసి పెట్టాలి, ఇనప దన్ను ఎముకకు దెబ్బ తగలకుండా మొయ్యాలి. పొడవు ఎంతన్నది కూడా ఈ ఏరుకోవడం మీదే ఆధారపడుతుంది. తొమ్మిది మీటర్లని ఒక అంచనా. అన్ని జంతువుల ముక్కలు కలిపి ఒక్కదాన్ని నిలబెట్టడం మోసం కాదా అనే ప్రశ్న చాలామందికి వస్తుంది. కాదు. ప్రపంచంలో మ్యూజియం అస్థిపంజరాల్లో చాలావాటి సంగతి ఇదే. అయితే ఏది అసలు, ఏది చేసిపెట్టింది అన్నది చూసేవాడికి తెలిసేలా వేరే రంగు వెయ్యడం మంచి పద్ధతి. మన మ్యూజియాలన్నీ దాన్ని పట్టించుకుంటే బాగుండును.

పెద్ద ఎముకల వెలుగులో కోట పొర అసలు సంపద మరుగున పడిపోతుంటుంది. పైకాసిగూడెం దగ్గర సున్నపురాతి మధ్య ఉన్న బంకరాతిని బస్తాల్లో నింపి, ఎండబెట్టి, నీళ్ళలో నానబెట్టి, సన్న జల్లెళ్ళలో కడిగారు. మిగిలిన ఇసకంత నలుసును ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచె కొసతో ఒక్కో గింజా పక్కకు నెడుతూ వెతికారు. అలా దొరికినవి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పళ్ళు. తొండల చుట్టాలు, గోదావరిసారస్, రెబ్బెన పేరు మీద రెబ్బనసారస్. వాటితో బాటు తొలి క్షీరదాల పళ్ళు. 1981లో పి.ఎం. దత్తా మన దేశపు మొదటి జురాసిక్ క్షీరదాన్ని ప్రకటించి, జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ పేరు కలిపి కోటాథీరియం హాల్డేనై అన్నాడు. ఎలుక కంటే చిన్న జంతువు, పక్కనే కోటసారస్ మేస్తుండగా పురుగులు ఏరుకుని బతికింది. ఆ పంటి మీది మొనల అమరిక చూసే అది క్షీరదమని చెప్పగలిగారు. పై పంటి మొనలు కింది పళ్ళతో సరిగ్గా పొంది కత్తిరిస్తాయి, సరీసృపాల పళ్ళకు మామూలుగా ఆ పొందిక ఉండదు.

డైనోసార్‌ను వర్ణించిన యాదగిరే ఈ గింజల పనీ చేశాడు. 1984లో ఇండోథీరియం, 1985లో త్రిశూలోథీరియం, నాకునోడాన్ ఆయన పేర్లే. తొడ ఎముక దగ్గర చూపిన ఓపికే ఇక్కడా: ఒక్క పన్ను, దాని మీద నాలుగు మొనలు, వాటి నుంచి ఎంత తెలిస్తే అంత. ఆ తర్వాత అదే పైకాసిగూడెం సరుకు మీద పని చేసిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, మన్‌హాస్ ఒక కొత్త క్షీరదానికి ఊరి పేరూ ఆయన పేరూ కలిపి పెట్టారు. 840 ఎముకల జంతువును లోకానికి చెప్పిన మనిషి పేరు శాస్త్రంలో నిలిచింది ఆ చిన్న పంటి మీద: పైకాసిగూడోడాన్ యాదగిరియై.